ఇంట్లో మార్గరిటా: ఒకే జగ్గు కలిపి ఎవరికి కావాల్సిన రకం వాళ్లకి పోయడం ఎలా

మే 5 దగ్గర పడుతోందంటే చాలు, టెక్సస్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు "ఈసారి సింకో డె మాయో మా ఇంట్లోనే, మార్గరిటాల సంగతి నేను చూసుకుంటా" అనేస్తారు. మార్గరిటా అంటే టకీలాలో నిమ్మరసం కలిపి చేసే కాక్‌టెయిల్. అన్నాక టెన్షన్ మొదలవుతుంది. వచ్చే పది పన్నెండు మందిలో ఒకరికి ఘాటుగా కావాలి, ఒకరికి తియ్యగా కావాలి, ఇద్దరు అసలు తాగరు, కొందరు తిరిగి కారు నడుపుకుంటూ వెళ్లాలి. రకానికో సీసా కొనుక్కొచ్చి వంటింటి గట్టు నిండా పేర్చి, పార్టీ అంతా షేకర్ ఊపుతూ నిలబడే పని మాత్రం పెట్టుకోకండి. ఒక్క జగ్గులో బేస్ కలిపి ఉంచుకుని, పక్కన నాలుగు గిన్నెల్లో గుజ్జులూ సిరప్‌లూ సిద్ధం చేసుకుంటే ఎవరికి కావాల్సింది వాళ్లకి నిమిషంలో పోసివ్వచ్చు, మీరూ నలుగురితో కూర్చోవచ్చు.

(మధ్యలో ఒక మాట. మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు, అది సెప్టెంబరు 16. ఇది 1862లో ప్వెబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని మెక్సికన్లు ఓడించిన రోజు. దీని హడావిడి మెక్సికోలో కంటే అమెరికాలోనే ఎక్కువ. పక్కింటి మెక్సికన్ కుటుంబాన్ని పిలిచి ఇండిపెండెన్స్ డే శుభాకాంక్షలు చెప్పకండి.)

ఏం కొనాలి, ఏం కొనకూడదు

ముందు కొనకూడనిది చెప్తాను. ఆకుపచ్చ రంగులో పెద్ద ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే రెడీమేడ్ మార్గరిటా మిక్స్ జోలికి పోకండి. అందులో ఉండేది చాలావరకు చక్కెర పాకం, సిట్రిక్ యాసిడ్, రంగు. ఎంత మంచి టకీలా పోసినా రుచి ఆ మిక్స్‌దే అవుతుంది. మార్గరిటాలో ఉండేవే మూడు: టకీలా, నారింజ తొక్క వాసనతో తియ్యగా ఉండే ట్రిపుల్ సెక్, నిమ్మరసం. మూడింటిలో అన్నిటికన్నా చవకైనది నిమ్మరసం, గ్లాసుని నిలబెట్టేదీ అదే. అక్కడ కక్కుర్తి పడితే మిగతా రెండిటి మీద పెట్టిన డబ్బు దండగ.

టకీలా సీసా మీద "100 శాతం అగావే" అని ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే అందులో సగానికి కాస్త పైన, అంటే కనీసం 51 శాతం అగావే చక్కెర ఉండి, మిగతాది చెరకులాంటి వేరే చక్కెరతో చేసినదన్నమాట. బ్లాంకో అని రాసి ఉన్న తెల్లటిది మార్గరిటాకి బాగా సరిపోతుంది. పీపాలో రెండు నెలల నుంచి ఏడాది దాకా ఉంచిన రెపొసాడో కూడా ఫర్వాలేదు, కాస్త మెత్తగా ఉంటుంది. ఏడాది దాటి పీపాలో ఉంచిన అన్యేహో మాత్రం నిమ్మరసంలో కలిపి పాడుచేయకండి, దాన్ని ఊరికే కొంచెం కొంచెంగా తాగాలి. సీసా మరీ ఖరీదైనది అక్కర్లేదు, మధ్యస్థంగా ఉంటే చాలు.

అగావే అంటే ఏదో వింత మొక్క అనుకోకండి. రాయలసీమలో చేల గట్ల మీద, రోడ్ల పక్కన కంచెలా పెరిగే ముళ్ల మట్టల కిత్తనార దాని బంధువే. టకీలాకి వాడేది నీలి అగావే అనే రకం, ఎక్కువగా మెక్సికోలో హలిస్కో రాష్ట్రంలో పండుతుంది. అక్కడా, చుట్టుపక్కల చట్టం ఒప్పుకున్న మరికొన్ని ప్రాంతాల్లోనూ చేసినదాన్నే టకీలా అనాలి. మన చిత్తూరు జిల్లాలో దక్కను అగావేతో డెస్మండ్‌జీ పేరుతో మద్యం తయారు చేశారు, కానీ ఈ కారణంగానే దాన్ని టకీలా అనలేదు. ఇండియాలో ఉన్నవాళ్లకి దొరికితే మార్గరిటాకి అది బాగానే పనికొస్తుంది.

ట్రిపుల్ సెక్‌లో క్వాంట్రో పేరు అందరికీ తెలిసిందే, 40 శాతం ఆల్కహాల్ ఉంటుంది, తీపి తక్కువ. చవకరకం ట్రిపుల్ సెక్‌లలో ఆల్కహాల్ తక్కువ, తీపి ఎక్కువ. అవి వాడితే నిమ్మరసం కాస్త పెంచండి. గ్రాన్ మార్నియే బ్రాందీతో చేసింది, బరువుగా ఉంటుంది. ఎవరైనా బహుమతిగా ఇచ్చి ఉంటే వాడండి గానీ దీనికోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు.

నిమ్మకాయలు. పసుపు రంగు పెద్ద లెమన్ కాదు, ఆకుపచ్చ లైమ్ కావాలి. అమెరికా దుకాణాల్లో మామూలుగా కనిపించేది గింజల్లేని పర్షియన్ లైమ్. మెక్సికన్ దుకాణాలకి వెళ్తే చిన్నగా, గుండ్రంగా, పల్చటి తొక్కతో కీ లైమ్ దొరుకుతుంది. అది అచ్చంగా మన గూడూరు, ఏలూరు నిమ్మకాయ జాతే, పులుపూ వాసనా రెండూ ఎక్కువ. పిండటం విసుగు, గింజలు ఏరాలి, కానీ రుచి తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. ఓపిక ఉంటే సగం అవి, సగం ఇవి కలపండి. సీసాలో వచ్చే నిమ్మరసం పప్పులోకి పనికొస్తుందేమో గానీ ఇక్కడ వద్దు.

నిమ్మకాయలు పెరట్లో ఎండలో కూర్చుని పిండకండి. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే ఒకటి రెండు రోజుల తర్వాత కాలినట్టు ఎర్రబడి బొబ్బలు లేస్తాయి, ఆ మచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. వేసవి పార్టీల్లో ఇది బాగా జరిగేదే, అమెరికాలో దీన్ని "మార్గరిటా బర్న్" అంటారు. ఇంట్లోనే పిండి, సబ్బుతో చేతులు కడుక్కుని బయటికి రండి. పిల్లలు సాయం చేస్తామని వస్తే వాళ్ల చేతులూ కడిగించండి.

ముందు ఒక్క గ్లాసు

జగ్గు కలపడానికి ముందు ఒక గ్లాసు చేసి చూడండి. రుచి ఎలా ఉండాలో నాలుకకి తెలియకుండా జగ్గు కలిపితే తర్వాత సరిదిద్దడం కష్టం. కొలతకి జిగ్గర్ లేకపోతే కేకులకి వాడే కొలత చెంచాలు చాలు, ఒక టేబుల్ స్పూన్ 15 మి.లీ.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క 50 మి.లీ. టకీలా, 20 ట్రిపుల్ సెక్, 15 నిమ్మరసం. అది కాస్త గట్టిగా ఉంటుంది. ఇంట్లో పార్టీకి నేను చెప్పేది 50, 25, 25. పులుపు తినే నాలుకలకి ఇదే నప్పుతుంది, లెక్క కూడా సులువు.

ముందు ఉప్పు సంగతి. పొడి ఉప్పు వాడకండి, సన్నగా ఉండి అంచుకి దళసరిగా పట్టేసి నోరంతా ఉప్పగా చేస్తుంది. పెద్ద పలుకులుండే కోషర్ ఉప్పు గానీ, కల్లుప్పుని చిన్న రోట్లో రెండు దెబ్బలు వేసి రవ్వలా చేసింది గానీ వాడండి. పళ్లెంలో పల్చగా పరవండి. నిమ్మచెక్కతో గ్లాసు అంచుకి బయటివైపు మాత్రమే, అదీ సగం చుట్టూ తడి చేయండి. గ్లాసుని పక్కకి వంచి, ఆ తడి భాగాన్ని ఉప్పులో దొర్లించండి. బోర్లించి గుచ్చితే లోపలికి కూడా అంటుతుంది, అది తర్వాత మార్గరిటాలో కరిగి చివరికొచ్చేసరికి సముద్రపు నీళ్లు తాగినట్టుంటుంది. సగం అంచే ఎందుకంటే, ఒక గుక్క ఉప్పు వైపు నుంచి, ఒక గుక్క ఖాళీ వైపు నుంచి తాగే వీలు తాగేవాళ్లకి ఉండాలి. ఉప్పు అలంకారం కోసం కాదు, అది చేదుని అణిచి నిమ్మనీ నారింజనీ పైకి తెస్తుంది. బీపీ ఉన్నవాళ్లకి అంచు లేకుండా ఇవ్వండి.

ఇప్పుడు షేకర్‌లో మూడూ పోసి, ముప్పాతిక వంతు ఐస్ నింపి, మూత గట్టిగా పెట్టి పది పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. షేకర్ బయట తెల్లగా మంచు పట్టాలి, పట్టుకున్న వేళ్లు జివ్వుమనాలి, లోపల ఐస్ చప్పుడు మొదట్లో గలగలమన్నది కాస్తా మొద్దుబారాలి. అప్పుడు ఆపి కొత్త ఐస్ వేసిన గ్లాసులోకి వడకట్టండి. షేకర్ లేకపోతే మూత బిగుతుగా ఉండే గాజు సీసా ఏదైనా సరే, ఆవకాయ పెట్టిన సీసా తప్ప. ఎంత కడిగినా దానికి ఆ వాసన పోదు.

రుచి చూడండి. పులుపు పళ్లకి కొడితే అగావే సిరప్ అర చెంచా కలపండి. చప్పగా, తియ్యగా ఉంటే నిమ్మరసం. ఘాటు గొంతులో మంట పెడుతుంటే సరిగా ఊపలేదని అర్థం, కరిగిన ఐస్ నీళ్లు కూడా ఇందులో ఒక దినుసే.

జగ్గు

750 మి.లీ. టకీలా సీసా ఒకటి మొత్తం. ట్రిపుల్ సెక్ 375, అంటే అదే సైజు సీసాలో సగం. నిమ్మరసం 375, దీనికి పర్షియన్ లైమ్స్ పద్దెనిమిది ఇరవై తెచ్చుకోండి, ఒక్కోటి 20 నుంచి 30 మి.లీ. ఇస్తుంది, కొన్ని ఎండిపోయినవి ఉంటాయి. వీటికి 300 మి.లీ. చల్లటి మంచినీళ్లు. ఈ నీళ్లు చూసి చాలామంది పల్చన చేస్తున్నారని మొహం చిట్లిస్తారు, కానీ షేకర్‌లో ఐస్ కరిగి ఇచ్చే నీళ్లే ఇవి. జగ్గుని ఊపం కాబట్టి మనమే పోయాలి. మొత్తం 1,800 మి.లీ., గ్లాసుకి 120 చొప్పున పదిహేను గ్లాసులు.

టకీలా, ట్రిపుల్ సెక్, నీళ్లు ముందు రోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, వాటికేం కాదు. నిమ్మరసం మాత్రం పార్టీ రోజు మధ్యాహ్నం పిండి, జనం రావడానికి గంట ముందు కలపండి. రాత్రంతా నిల్వ ఉన్న నిమ్మరసానికి ఒకలాంటి చేదు వస్తుంది. జగ్గులో ఐస్ వేయకండి, గ్లాసులో వేయండి. ఇంక పోసే ప్రతిసారీ ఒకసారి గరిటెతో కలపండి, నిమ్మ గుజ్జు అడుక్కి దిగుతుంది.

జగ్గులోంచి రకాలు

*మామిడి.* మేలో అమెరికాలో మెక్సికో నుంచి వచ్చే పసుపు రంగు అటాల్ఫో మామిడిపళ్లు దొరుకుతాయి, హనీ మ్యాంగో అని కూడా అమ్ముతారు. పీచు లేకుండా మెత్తగా ఉంటాయి. మిక్సీలో గుజ్జు చేసి, గ్లాసు బేస్‌కి మూడు టేబుల్ స్పూన్లు కలపండి. ఇండియన్ స్టోర్‌లో డబ్బా గుజ్జు వాడితే అందులో ముందే చక్కెర ఉంటుంది, కాబట్టి రెండు స్పూన్లే వేసి నిమ్మరసం ఇంకాస్త పిండండి. దీనికి అంచున ఉప్పు ఒక్కటే చాలదు, ఉప్పూ కారం కావాలి. మెక్సికన్లు తహీన్ అనే ఎండుమిరప, నిమ్మ, ఉప్పు పొడి వాడతారు, మామిడికాయ ముక్కల మీద మనం చల్లుకునే ఉప్పుకారానికి తోబుట్టువులా ఉంటుంది. లేకపోతే దంచిన కల్లుప్పు రెండు చెంచాలు, కశ్మీరీ కారం ఒక చెంచా, చిటికెడు పంచదార, కొద్దిగా ఆరబెట్టిన నిమ్మతొక్క తురుము కలిపేయండి. మామూలు గుంటూరు కారం వాడితే అతిథులు నీళ్ల కోసం పరిగెడతారు.

*చింతపండు.* మెక్సికోలో చింతపండుతో మిఠాయిలూ షర్బత్‌లూ చేస్తారు, మార్గరిటా కూడా అక్కడి అలవాటే. నిమ్మకాయంత చింతపండుని అర కప్పు వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి చిక్కగా పిసికి, పిప్పి తీసి జల్లెడలో వడకట్టండి. అందులో రెండు టేబుల్ స్పూన్ల బెల్లం తురుము వేసి పొయ్యి మీద కరిగేదాకా ఉంచి చల్లార్చండి. మెక్సికన్ దుకాణంలో దొరికే పిలొన్సియో కూడా బెల్లమే, శంకువు ఆకారంలో ఉంటుంది. గ్లాసుకి రెండు టేబుల్ స్పూన్లు. దీనికదే పులుపు కాబట్టి, ముందే నిమ్మరసం కలిపిన బేస్‌లో పోసేటప్పుడు రుచి చూసుకుంటూ పోయండి. డబ్బాల్లో వచ్చే నల్లటి చింతపండు పేస్ట్ వద్దు, ఉప్పు కలిసి ఉండొచ్చు, పులిహోర వాసన కూడా వస్తుంది.

*గోంగూర పువ్వు.* అన్నిటికన్నా నాకు ఇష్టమైన రకం ఇది. మెక్సికన్ దుకాణాల్లో "ఫ్లోర్ డె హమైకా" అని ఎండు పువ్వుల పాకెట్లు అమ్ముతారు, ముదురు ఎరుపు, నలిగిన కాగితంలా ఉంటాయి. అవి పువ్వులు కావు, ఎర్ర గోంగూర మొక్కకి పువ్వు రాలాక కాయని చుట్టుకుని ఉండే దళసరి రక్షకపత్రాలు. ఒకటి నోట్లో వేసుకుని నమలండి, రెండో క్షణంలో ఆ పులుపుని గుర్తుపడతారు. రెండు గుప్పిళ్లు, అంటే 30 గ్రాములు కడిగి, అర లీటరు నీళ్లు మరిగించి అందులో వేసి మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. వడకట్టి, వేడిగా ఉండగానే కప్పు పంచదార కలిపితే రక్తం రంగు సిరప్ వస్తుంది. గ్లాసుకి రెండు టేబుల్ స్పూన్లు. తెల్ల చొక్కా వేసుకుని ఈ పని చేయకండి, గట్టు మీద ఒలికితే వెంటనే తుడవండి.

*ఘాటు రకం.* హలపీన్యో మిరపకాయని చక్రాలుగా కోసి, గింజలు తీసి, మూడు ముక్కలు షేకర్ అడుగున వేసి పప్పుగుత్తితో రెండుసార్లు అదమండి, నలిపేయకూడదు. ఆపైన బేస్ 120 మి.లీ., కాస్త ఐస్, ఐదు సెకన్లు ఊపి వడకట్టండి, నీళ్లు ముందే ఉన్నాయి కాబట్టి ఎక్కువసేపు ఊపకూడదు. నలుగురికి పైగా అడుగుతారనిపిస్తే 200 మి.లీ. టకీలాలో నాలుగైదు ముక్కలు వేసి, పది నిమిషాలకోసారి రుచి చూస్తూ, సరిపోయిందనిపించగానే ముక్కలు తీసేయండి. అరగంట దాటనివ్వకండి, ఘాటు ఆల్కహాల్‌లోకి చాలా తొందరగా దిగుతుంది. ఇండియన్ స్టోర్ సన్న పచ్చిమిరపకాయలు అయితే ఒక్క ముక్క ఎక్కువ. కోసిన చేత్తో కన్ను నలుపుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

*పొగ రకం.* బేస్‌లోనే ఒక టేబుల్ స్పూన్ మెస్కల్ పైన పోయండి. మెస్కల్‌కి అగావే దుంపల్ని నేలలో తవ్విన గోతిలో నిప్పుల మీద కాలుస్తారు, ఆ పొగ వాసన అందులో ఉంటుంది. నచ్చినవాళ్లకి బాగా నచ్చుతుంది, మిగతావాళ్లు గ్లాసు పక్కన పెట్టేస్తారు, అందుకని అడిగి పోయండి.

*టామీస్.* ఇది మాత్రం జగ్గులోంచి రాదు, విడిగా చేయాలి. 1990 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామీస్ అనే మెక్సికన్ రెస్టారెంట్‌లో హూలియో బెర్మెహో మొదలుపెట్టాడు. ట్రిపుల్ సెక్ తీసేసి దాని బదులు అగావే సిరప్. 60 మి.లీ. టకీలా, 30 నిమ్మరసం, ఒక టేబుల్ స్పూన్ సిరప్, ఐస్‌తో ఊపి పోయడమే. నారింజ వాసన నచ్చనివాళ్లకీ, మంచి టకీలా కొన్నవాళ్లకీ ఇదే సరైనది.

ఐస్ గోలాలా ఉండేది

డాలస్‌లో ఉన్నవాళ్లు ఇది చేయకపోతే ఊరికి అన్యాయం. 1971లో ఇక్కడే మారియానో మార్టినెజ్ అనే రెస్టారెంట్ యజమాని, బ్లెండర్‌తో ఆర్డర్లు అందుకోలేక, సాఫ్ట్ సర్వ్ ఐస్‌క్రీమ్ మిషన్‌ని మార్చి అందులో మార్గరిటా తిప్పాడు. ఆ మిషన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది.

ఇంట్లో అయితే బ్లెండర్ చాలు. అందరూ చేసే తప్పు ఐస్ ఎక్కువ వేయడం, ఐదు నిమిషాల్లో నీళ్లయిపోతుంది. ఐస్ బదులు పండునే గడ్డకట్టించండి. నలుగురికి 400 గ్రాముల ఫ్రోజెన్ మామిడి ముక్కలు, జగ్గులోంచి 480 మి.లీ. బేస్, కప్పు ఐస్, రెండు టేబుల్ స్పూన్ల అగావే సిరప్. ఆ సిరప్ తప్పనిసరి, ఎందుకంటే బాగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, పైగా చక్కెర ఉంటేనే గట్టి గడ్డలా కాకుండా మెత్తగా నిలుస్తుంది. స్ట్రాబెర్రీ, పుచ్చకాయ కూడా ఇలాగే. పుచ్చకాయ చప్పగా ఉంటుంది కాబట్టి నిమ్మ పెంచండి. గ్లాసులు అరగంట ముందు ఫ్రీజర్‌లో పెడితే ఇంకాసేపు నిలుస్తుంది.

తాగనివాళ్లకి, బండి నడిపేవాళ్లకి

తాగనివాళ్లకి సోడా డబ్బా చేతిలో పెట్టి వదిలేయడం మర్యాద కాదు. రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, రెండు నారింజ రసం, ఒకటి అగావే సిరప్, చిటికెడు ఉప్పు, ఐస్, పైన సోడా. అదే ఉప్పు అంచు, అదే గ్లాసు. గోంగూర పువ్వు సిరప్ వేస్తే పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతారు. కానీ ఈ జగ్గు వేరే ఆకారంలో, వేరే బల్ల మీద ఉండాలి, మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి. మామిడి గుజ్జు కలిపాక ఏది ఏదో చూపుకి తెలియదు, ఒక పిల్లాడు పొరపాటున తీసుకోవడానికి అర నిమిషం చాలు.

పెద్దవాళ్ల గ్లాసు లెక్క కూడా తెలుసుకోండి. మన 120 మి.లీ. బేస్‌లో 50 టకీలా, 25 ట్రిపుల్ సెక్. రెండూ 40 శాతం అనుకుంటే దాదాపు 24 గ్రాముల ఆల్కహాల్. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు. అంటే ఒక్క గ్లాసు ఒకటిన్నరకి పైనే, రెండు గ్లాసులు మూడు దాటినట్టే. తియ్యగా ఉండటంతో ఆ సంగతి తెలియదు. వచ్చిన వెంటనే ఖాళీ కడుపుతో పోయకండి, ముందు చిప్స్, సల్సా, గ్వాకమోలే బల్ల మీదకి రానివ్వండి, మిర్చి బజ్జీ వేస్తే ఇంకా మంచిది. తాగినవాళ్ల కారు తాళాలు మీ దగ్గర పెట్టుకోండి, ఊబర్ మీరే బుక్ చేయండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తాగి బండి నడిపిన కేసులో (డియుఐ) అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే పాస్‌పోర్టులో ఉన్న వీసాని రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కి ఉంది, చేస్తున్నారు కూడా. హైదరాబాద్‌లో చేసుకునేవాళ్లకి బండి నడిపేటప్పటి పరిమితి అమెరికాలో కంటే ఇంకా తక్కువ, 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్. 21 ఏళ్లు నిండనివాళ్లకి అక్కడా ఇక్కడా పోయకూడదు.

మిగిలిపోయినవాటి సంగతి. నిమ్మరసం కలిపిన బేస్ మర్నాటికి కాస్త చేదొచ్చినా ఫర్వాలేదు, ఆ తర్వాత ఇంకా చేదెక్కుతుంది, కాబట్టి మిగులుతుందనిపిస్తే మామిడి గుజ్జుతో కలిపి ఫ్రీజర్‌లో డబ్బాలో పెట్టి, వారాంతంలో చెంచాతో గీరుకుని తినండి. చింతపండు పాకం ఫ్రిజ్‌లో వారం, గోంగూర సిరప్ రెండు వారాలు ఉంటాయి. పిండేసిన నిమ్మచెక్కలు పారేయకుండా సింక్ రుద్దడానికి వాడండి, ఆ ఎరుపు మరకలు కూడా వాటితో చాలావరకు పోతాయి.